విమానం టైర్లకు మా నాయన పూసిన నలుపు

మా నాయనకు పని చెప్పడం నాకు చేతకాలేదు. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం సులువు. చిన్న విమానాలను బాగుచేసే లైసెన్సు నాకు ఉంది. ఇంజను విప్పి మళ్లీ బిగించగలను. క్లాసు నిండా మగపిల్లలుంటే ఒక్కదాన్నే ముందు బెంచీలో కూర్చొని చదివినదాన్ని, ఎవడైనా తేడాగా మాట్లాడితే వాడి నోరు మూయించగలను. కానీ మా నాయన ఎదురుగా నిలబడి, "అది తప్పు నాయనా, ఇట్ల చెయ్యి" అనడానికి మాత్రం నాకు నోరు పెగల్లేదు. నా మొహమాటం వల్ల ఒక పిల్ల ప్రాణం మీదికి వచ్చేది.

చిత్తూరు దాటగానే తిరుపతి రోడ్డు పక్కన మా నాయనకు టైర్ల షెడ్డు ఉండేది. మామిడికాయల కాలం వస్తే గుజ్జు ఫ్యాక్టరీల ముందు లారీలు, ట్రాక్టర్లు కనుచూపు మేర వరుసకట్టి ఉండేవి. మోయగలిగినదానికి రెండింతలు మోసుకొచ్చిన బండ్లు. దూరం నుంచి వచ్చే లారీని చూసి, "వెనక లోపలి టైరు సచ్చిపోయిండాది సూడు" అనేవాడు నాయన. లారీ దగ్గరికొచ్చి ఆగితే నిజంగానే అది సగం గాలితో ఉండేది. గేజీ పెట్టడం ఆయనకు నామోషీ. ఇనుపకడ్డీతో టైరు మీద ఒక దెబ్బ వేసి, ఆ చప్పుడును బట్టి గాలి ఎంతుందో చెప్పేవాడు. ఎడమ మోచేతి మీద జానెడు మచ్చ ఒకటి ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు గాలి పూర్తిగా తీయకుండానే రిమ్ము విప్పబోతే రింగు ఎగిరొచ్చి కొట్టిన దెబ్బ అది. ఆ మచ్చను ఎంత గర్వంగా చూపిస్తాడో, అంత భయంగానూ చూపిస్తాడు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు పోయింది. అప్పటికే నేను రేణిగుంట అవతల ఒక చిన్న ఫ్లయింగ్ స్కూల్లో పనిలో చేరి, అద్దె ఇంట్లో ఉండేదాన్ని. అమ్మా నాయనా నా దగ్గరికే వచ్చేశారు. అమ్మకు వారంలోనే వీధంతా చుట్టాలైపోయారు. నాయనకు మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. వీధిలో ఆగిన ప్రతి స్కూటరు టైరునూ కాలి బొటనవేలితో నొక్కి చూసేవాడు. గాలి తక్కువుంటే ఆ ఇంటి తలుపు తట్టి మరీ చెప్పేవాడు. ఒకరిద్దరు థాంక్స్ అన్నారు, ఒకాయన మాత్రం ముసలాయనకు పనిలేదని విసుక్కున్నాడు. ఆ మాట నా చెవిన పడింది. నాకు ఏడుపొచ్చింది, ఆ మాటన్న మనిషిని కొట్టాలనీ అనిపించింది.

మా చీఫ్ ఇంజనీరు అరవం, తెలుగు కలిపి మాట్లాడే మనిషి. ఆయన మాట్లాడేదే తక్కువ. నాయన సంగతి చెప్తే, "టైర్ల పని తెలిసినవాళ్లు దొరకడమే కష్టం. తోడుకు రమ్మను. కానీ ఆయన చేసిన పనికి సంతకం నీది. గుర్తుంచుకో" అన్నాడు. లైసెన్సు లేనివాళ్లు పని చేయొచ్చు, లైసెన్సు ఉన్నవాళ్లు దగ్గరుండి చూసి సంతకం పెట్టాలి. అది మా పనిలో మొదటి నియమం.

మొదటిరోజు నాయన ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. స్కూలు షెడ్డులో మూడు విమానాలున్నాయి. రెక్కలనూ ముందున్న పంకానూ చూడకుండా నేరుగా వంగి, రెక్కల కింద ఉండే రెండు పెద్ద చక్రాల దగ్గర కూర్చున్నాడు. వాటినే మెయిన్ చక్రాలంటాం, దిగేటప్పుడు బరువంతా పడేది వాటిమీదే.

"ఇదేందిమే, ఆటో టైరంత ఉండాది! దీన్ని నమ్ముకోనా మనుషులు ఆకాశంలో పోయేది?"

వేలి కణుపుతో తట్టాడు. మళ్లీ తట్టాడు. చప్పుడు ఆయనకు ఏమీ చెప్పలేదు. లారీ టైరులో ఉండే గాలిలో నాలుగో వంతు కూడా ఇందులో ఉండదు, పొద్దున్నే ఎండకు వేడెక్కకముందే గేజీ పెట్టి చూడాలి అన్నాను. ఆ మాట కూడా ఆయనతో కాదు, పక్కనున్న గోడతో చెప్పినట్టు చెప్పాను. ఆయన గేజీ తీసుకొని, కళ్లద్దాలు సర్దుకొని, ముల్లు ఎక్కడ ఆగిందో చూశాడు.

ఆ సాయంత్రం ఒక విమానం దిగుతుంటే చూశాడు. చక్రం గాలిలో తిరగకుండా ఊరికే వేలాడుతూ వస్తుంది. నేల తగిలిన క్షణంలోనే ఒక్కసారిగా లారీ కంటే వేగంగా తిరగాలి. అందుకే 'కీచు'మంటుంది, కాస్త పొగ లేస్తుంది.

"పాపం, నిద్రపోయేవాణ్ణి లేపి పరిగెత్తు అన్నెట్లుండాదే" అన్నాడు. మళ్లీ తనే, "లారీ టైరు అరిగి సస్తాది. ఇది దెబ్బ తిని సస్తాది. రెండిట్నీ ఒక తీరుగ సూడగూడదు" అన్నాడు.

నేను రెండు సెమిస్టర్లు చదివి తెలుసుకున్న సంగతి అది.

కొత్త టైర్లు తెప్పించాల్సి వచ్చినప్పుడు చీఫ్ రెండు రకాలు మా ముందు పెట్టించాడు. కొలత ఒకటే, మోసే బలమూ ఒకటే. ఒకటి తేలిక, దాని బటన్ పలుచన. టైరు మీద నేలకు తగిలే మందపాటి పొరను మా వైపు బటన్ అనే అంటారు. రెండోది కాస్త బరువు, గాడులు లోతు. గాలిలోకి మోసుకుపోయే ప్రతి చటాకు బరువూ లెక్కలోకి వస్తుంది కాబట్టి తేలికదే మేలని పైకి అనిపిస్తుంది. నాయన రెండింటినీ వాసన చూశాడు, పక్కగోడలను బొటనవేళ్లతో వంచి పగుళ్లున్నాయేమో చూశాడు, గాడిలో గోరు దించాడు.

"ఈడ పిల్లోల్లు రోజుకెన్నిసార్లు దించుతారు?"

"ఒక్కో బండి ముప్పైసార్లన్నా దించుతారు నాయనా."

"అయితే లోతు గాడిదే ఎయ్యండి. నెలకొకతూరి ఎగిరే బండికయితే తేలికది సాలు, అది అరిగేలోపలే వయసైపోతాది. ఇది నేర్సుకునేవోళ్ల బండి. కొడతానే ఉంటారు."

చీఫ్ నావైపు చూశాడు. నేను రాత్రంతా పుస్తకాలు తిరగేసి రాసుకొచ్చిన కాగితంలోనూ అదే ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అరిగిన విమానం టైర్లకూ కొత్త పొర ఎక్కించి రీబటన్ వేస్తారని ఆరోజే తెలిసింది నాయనకు. దూరపు చుట్టం ఎదురుపడ్డంత సంబరపడ్డాడు.

చక్రం విప్పడంలో ఆయన నాకే గురువు. విమానం చక్రం రెండు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో బోల్టులు. లోపల గాలి ఉండగా ఆ బోల్టులు విప్పితే రెండు ముక్కలూ బాంబులా విడిపోతాయి. నాయన ముందు వాల్వులోని పిన్ను తీసి, గాలంతా పోయాక కూడా అరచేయి అడ్డం పెట్టి చూసి, ఆ తర్వాతే స్పానరు పట్టుకునేవాడు. "గాలుండే సక్రానికి బోల్టు ఇప్పేవోడు యముడికి అల్లుడు" అంటూ మోచేతి మచ్చ చూపించేవాడు. ట్యూబుకు పౌడరు రాయడం, టైరు మీది ఎర్ర చుక్క వాల్వు పక్కకు వచ్చేటట్టు అమర్చడం, ముడతలు పోవడానికి ఒకసారి గాలిపట్టి పూర్తిగా తీసి మళ్లీ పట్టడం, ఒకరోజు అలాగే ఉంచి మళ్లీ గేజీ పెట్టడం, అన్నీ ఒకటి రెండుసార్లు చూసి పట్టేశాడు. చివరికి టైరు మీంచి రిమ్ము మీదికి ఒక ఎర్ర రంగు గీత గీస్తాం. టైరు రిమ్ము మీద జారితే గీత విరిగి రెండుగా కనబడుతుంది, జారిందంటే వాల్వు తెగిపోవచ్చు. ఆ గీతను ఆయన అమ్మవారికి బొట్టు పెట్టినంత శ్రద్ధగా పెట్టేవాడు.

అన్నీ బాగానే ఉన్నట్టున్నాయి కదా. ఇక నా సంగతి.

నాయన కొత్త టైర్లను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి పేర్చేవాడు. లారీ టైర్లకు అలవాటు అది. విమానం టైర్లను నిలబెట్టి ఉంచాలి, కరెంటు మోటార్ల పక్కన అసలే పెట్టకూడదు, ఆ గాలికి రబ్బరు పగులుతుంది. నేను చెప్పలేదు. ఆయన అన్నానికి పోయినప్పుడు ఒక్కదాన్నే అన్నింటినీ తీసి నిలబెట్టేదాన్ని. వాల్వు లీకవుతుందేమోనని ఆయన వేలిని ఉమ్మితో తడిపి రాసి బుడగలు చూసేవాడు. ఆయన అటు తిరగ్గానే సబ్బునీళ్లతో నేను మళ్లీ చూసి తుడిచేసేదాన్ని. తాతకు దగ్గులు నేర్పినట్టు ఈయనకు టైర్ల సంగతి నేనేం చెప్పేది అనుకునేదాన్ని. ముప్పైఏళ్లకు పైగా ఆ పని చేసి నన్ను చదివించిన మనిషిని, నలుగురి ముందర తప్పు పట్టడానికి మనసొప్పేది కాదు. దాన్ని ప్రేమ అనుకున్నాను, గౌరవం అనుకున్నాను. పిరికితనం అని ఒక్కసారీ అనుకోలేదు.

ఆయుధపూజ వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం పూలకూ బూడిదగుమ్మడికాయలకూ తిరుపతి మార్కెట్టుకు పోయాను. శిక్షణలో ఉన్న ఒకమ్మాయిది గూడూరు, వాళ్ల ఇంట్లో నిమ్మకాయల వ్యాపారం. చక్రాల కింద పెట్టడానికి ఆమె గోతం నిండా నిమ్మకాయలు తెచ్చి పెట్టింది. మూడు విమానాలకు ఆరు చాలంటే, మిగతావి అందరూ ఊరగాయ పెట్టుకోండి అని నవ్వింది. ఒంటరిగా విమానం నడపడానికి ఆమె సిద్ధమై వారమైంది. రోజూ అడ్డగాలి వీస్తుండడంతో వాయిదా పడుతూ వస్తోంది.

షెడ్డున్న రోజుల్లో ఆయుధపూజ అంటే మా నాయన రోజు. డీజిల్లో కాలిన ఇంజనాయిలు, దీపం మసి కలిపి, ఆయనే ఒక నలుపు తయారుచేసేవాడు. దాన్ని గుడ్డతో టైర్లకు పూస్తే పదేళ్ల టైరు కూడా కొత్త పెళ్లికొడుకులా మెరిసేది. ఆ నలుపు కోసం పలమనేరు నుంచి కూడా లారీలు వచ్చేవి. నేను మార్కెట్టుకు పోయిన ఆ మధ్యాహ్నం, మా నాయన విమానాల షెడ్డు తుడిచి, నీళ్లు చల్లి, ఇంటి నుంచి డబ్బాలో కలిపి తెచ్చుకున్న ఆ నలుపును మూడు విమానాల టైర్లకూ పూశాడు.

పండగనాడు పొద్దున్నే పట్టుచీర కట్టుకొని, షెడ్డు తలుపు తీసి లోపలికి పోయాను. తీయగానే వాసన తగిలింది. టైర్లు తళతళలాడుతున్నాయి. నాయన తలుపు దగ్గరే నిలబడి నా ముఖమే చూస్తున్నాడు. షెడ్డు పోయినప్పటి నుంచి ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

"ఎట్లుండాది?" అన్నాడు.

నూనె తగిలితే రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది. అది తర్వాతి సంగతి. చక్రం లోపలి వైపే బ్రేకు పళ్లెం ఉంటుంది. పళ్లేనికి నూనె అంటితే బ్రేకు పట్టదు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు, నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

"బాగుంది నాయనా" అన్నాను.

రోజూ పొద్దున చేసే తనిఖీ మొదలుపెట్టాను. గాలి సరిగ్గా ఉంది, గీతలు కలిసే ఉన్నాయి. ఎడమ టైరును గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లగా వచ్చింది. పట్టుచీరతో కింద పడుకొని లోపలివైపు చూడాలనిపించలేదు. చీర ఒక సాకు. చూస్తే తెలిసిపోతుంది, తెలిస్తే చెప్పాల్సి వస్తుంది. పూజ కాగానే ఆయన ప్రసాదం పంచడానికి పోతాడు, అప్పుడు నేను సబ్బునీళ్లతో కడిగేస్తాను, ఆయనకు తెలియనే తెలియదు అనుకున్నాను. పుస్తకంలో సంతకం పెట్టాను.

పూజ జరిగింది. గుమ్మడికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి విమానాలను ముందుకు తోస్తే చిట్లాయి. అందరూ ఫోటోలు దిగుతూ, "టైర్లు చూడండి, ఎట్లా మెరుస్తున్నాయో" అంటుంటే నాయన వినీ విననట్టు నిలబడ్డాడు. నేను అందరికీ శనగ గుగ్గిళ్లు పంచుతున్నాను. కడుగుదాం, ఈ ఒక్క వరసకూ పంచేసి కడుగుదాం అనుకుంటున్నాను. ఇంతలో బయట ఇంజను చప్పుడు.

మంచిరోజు, గాలి కూడా నిలిచింది, ఒక్క రౌండు తోడుగా తిప్పి పిల్లను ఈపొద్దే ఒంటరిగా పంపేద్దాం అని ఇన్‌స్ట్రక్టరు నిర్ణయించేశాడట. గూడూరు పిల్ల నుదుట కుంకుమతో విమానం ఎక్కేసింది. నేను తల తిప్పేసరికి అది రన్‌వే వైపు పోతోంది.

గుగ్గిళ్ల తపేలా నాయన చేతుల్లో పెట్టి పరిగెత్తాను. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు. ఆఫీసులో రేడియో ముందు కూర్చున్నవాళ్లను తోసేసి, "వెనక్కి రమ్మనండి, బ్రేకులకు నూనె అంటింది, ఎగరొద్దు" అని అరిచాను. రేడియోలో ఇన్‌స్ట్రక్టరు గొంతు వినబడింది. ఎడమ బ్రేకు జారుతోంది, బండి కుడికి లాగుతోంది, ఆపి చూద్దామనుకుంటున్నాను అన్నాడు. నేను అక్కడే కూర్చుండిపోయాను. కిటికీ బయట మా నాయన తపేలాతో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

ఆ పిల్ల ఒంటరిగా దిగి, వేగంగా పోతూ బ్రేకు తొక్కి, ఒక పక్కే పట్టి ఉంటే బండి తిరగబడేది.

బండిని వెనక్కి తెప్పించి చక్రం విప్పాం. పళ్లెం మీదా, దాన్ని పట్టి ఆపే బ్రేకు ప్యాడ్ల మీదా నల్లటి జిడ్డు. చీఫ్ దాన్ని వేలితో తాకి చూశాడు.

"ఎవరు పూసింది?"

"నేనే సార్" అన్నాడు నాయన. "పండగని పూసినాను. తెలీక పూసినాను."

"మీరు ఉండండప్పా." నావైపు తిరిగాడు. "సంతకం నీది. పొద్దున చూసినావా?"

"చూశాను సార్."

"నూనె అని తెలుసునా?"

"తెలుసు."

"మరి?"

"మా నాయన సార్" అన్నాను.

చీఫ్ కేకలేయలేదు. వేసి ఉంటే బాగుండేది. మూడు బండ్లకూ బ్రేకులు మార్చమన్నాడు, జరిగింది జరిగినట్టు రాయమన్నాడు. పోతూ పోతూ ఆగి, "రేపటి నుంచి ఆయన రావాలా వద్దా నువ్వే చెప్పు. ఆయనకు పని చెప్పగలిగితే రమ్మను. చెప్పలేకపోతే వద్దు. ఆయన తప్పు ఇందులో చిన్నది" అన్నాడు.

నేను రిపోర్టు రాస్తూ కూర్చున్నాను. తప్పు ఎవరిదని రాయాల్సిన చోట నా పేరు రాశాను. బయటికి వచ్చేసరికి నాయన బకెట్టు, సబ్బు పెట్టుకొని మూడో విమానం టైర్లు కడుగుతున్నాడు. మిగతా రెండూ అప్పటికే కడిగేశాడు. పంచె మోకాళ్ల దాకా తడిసింది. తల ఎత్తకుండానే అన్నాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్లేదు పెద్దోళ్లు."

పక్కన కూర్చున్నాను. "నీ తప్పు లేదు నాయనా. నాకు పొద్దున్నే తెలుసు. నీతో చెప్పలేకపోయినాను."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నేను అన్నానికి పొయ్యొచ్చేలోపల టైర్లు లేసి నిలబడుకోనుంటాయి. వాటికేమన్నా కాళ్లుండాయా? నేను రాసిన ఉమ్మి తుడిచిపెట్టుంటాది. నాకు తెలీదనుకుంటివా?" గుడ్డ పిండాడు. "ఎన్నో దినాల్నుంచి సూస్తాండాను, ఎప్పుడు సెప్తావా అని. నేనై నేను అడగాలంటే నాకూ సిగ్గేగదా."

ఇద్దరమూ ఇన్ని నెలలు ఒకే షెడ్డులో, ఒకే స్కూటరు మీద, ఒకరికోసం ఒకరం నోరు కుట్టేసుకొని తిరిగామన్నమాట. నాకు ఏడుపు ఆగలేదు. పట్టుచీర కొంగు సబ్బునీళ్లలో నానుతోంది.

"నాయనకు మర్యాద ఇయ్యాలనుకోని సెప్పకపోతివి నువ్వు" అన్నాడు. ఈసారి నా ముఖంలోకి చూశాడు. "ఆ బిడ్డ పైకి పొయ్యుంటే ఈ మర్యాదని యాడ పెట్టుకుంటాంమే మనం?"

ఇద్దరం కలిసి మిగిలిన టైరు కడిగాం.

మర్నాడు పొద్దున నాయన చొక్కా వేసుకోలేదు, బనీనుతో అరుగు మీదే కూర్చున్నాడు. నేను స్కూటరు స్టార్ట్ చేసి, "రా నాయనా, టైమైంది" అన్నాను. రానా వద్దా అన్నట్టు చూశాడు. "బ్రేకులు మార్చాల. మూడు బండ్లుండాయి" అన్నాను. లోపలికి పోయి చొక్కా తొడుక్కొని వచ్చాడు.

నాలుగురోజుల తర్వాత గూడూరు పిల్ల ఒంటరిగా ఎగిరి, దిగి, నవ్వుతూ ఏడుస్తూ వచ్చింది. అప్పటికి నాయన పని మునుపటికన్నా పద్ధతిగా చేస్తున్నాడు. ప్రతిదీ నావైపు ఒకసారి చూసి చేస్తున్నాడు. నేనూ చెప్తున్నాను గానీ, "చేస్తే బాగుంటుందేమో నాయనా" అని నసిగే చెప్తున్నాను. పాత రోగం ఊరికే పోదు.

తర్వాతి వారం ఒక చక్రానికి కొత్త ట్యూబు వేశాం. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. చీఫ్ ఉన్నాడు, ఇద్దరు ముగ్గురు శిక్షణ పిల్లలు చుట్టూ చేరి చూస్తున్నారు. నాయన గాలిపట్టాడు, గేజీ చూశాడు, మూత బిగించి చేతులు కడుక్కోవడానికి లేచాడు. గాలి తీసి రెండోసారి పట్టలేదు. లోపల ట్యూబు ముడతపడి ఉంటే ఆ ముడత దగ్గరే రాపిడికి చిరుగుతుంది. ఆకలిమీద ఉన్నాడు, మరిచిపోయాడు. నేను చుట్టూ చూశాను. ఆయన అన్నానికి పోయాక నేనే చేసేస్తే రెండు నిమిషాల పని.

"నాయనా!" అన్నాను. అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది గొంతు. "యాడికి పోతాండావు? గాలి తీసి మళ్లా పట్టేది ఎవురు? సగం పనిచేసి అన్నానికి పోతారా ఎవురన్నా? ట్యూబు సినిగితే పైనుండేవోళ్ల గతేంగాను?"

అందరూ బిత్తరపోయి చూశారు. నా చెవులు మండిపోతున్నాయి. నాయన ఆగాడు. వెనక్కి వచ్చి కూర్చొని, మూత విప్పి, పిన్ను నొక్కాడు. పూర్తిగా తీసి, మళ్లీ పట్టి, గేజీ నాకు చూపించాడు. నేను చూసి తలూపాను. అప్పుడు చేతులు కడుక్కోవడానికి పోయాడు.

సాయంత్రం ఇంటికి వచ్చాక నేను గదిలో బట్టలు మార్చుకుంటున్నాను. పెరట్లో నాయన కాళ్లు కడుక్కుంటూ అమ్మతో మాట్లాడడం వినబడింది.

"ఈపొద్దు నీ బిడ్డ నన్ను అందరి ముందరా తిట్టిందే."

"అయ్యో, యెందుకు? కన్నతండ్రిని నలుగుర్లో తిట్టేదానికి దానికి కండ్లు నెత్తికెక్కినాయా యేమన్నా?"

"నెత్తికేం ఎక్కలేదులే" అన్నాడు నాయన. "నన్ను పన్లో పెట్టుకునింది."